సర్వర్ కొనేటప్పుడు ప్రాసెసర్ సంగతి ఆఖర్న అడగండి

నిన్న ఇంకో కొటేషన్ వచ్చింది నా దగ్గరికి, "అన్నా ఒక్కసారి చూసి చెప్పు, సరే అంటే రేపే అడ్వాన్స్ కట్టేస్తాం" అని. పై లైన్లో బోల్డ్‌లో ఇంటెల్ ఐ9 ప్రాసెసర్, 14వ జనరేషన్, 24 కోర్లు. కింద 64 జీబీ ర్యామ్, 2 టీబీ ఎన్‌వీఎంఈ డిస్క్, రంగురంగుల ఫ్యాన్లున్న గ్లాస్ క్యాబినెట్. హెడ్డింగ్ ఏమో "సర్వర్". ర్యామ్ ఈసీసీనా (తన తప్పు తనే పట్టుకుని సరిచేసే రకమా) కాదా రాయలేదు, బోర్డు దగ్గర బీ760 అని డెస్క్‌టాప్ చిప్‌సెట్ పేరు చిన్నగా ఉంది, పవర్ సప్లై ఒక్కటే, దూరం నుంచి చూసుకోడానికి ఏ ఏర్పాటూ లేదు. ఆ మెషీన్ మీద 40 మంది పొద్దున్నుంచి రాత్రి దాకా బిల్లులు కొట్టాలి. పదిహేనేళ్లయింది నేను ఈ పనిలోకొచ్చి, ఇలాంటి కొటేషన్లు ఎన్ని చూశానో లెక్కలేదు, ఇంక మనసులో పెట్టుకోలేక రాస్తున్నా, పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

నేను చెప్పేది ఒక్కటే. సర్వర్ అన్నది పాడయ్యేటప్పుడు మనకి ముందుగా చెప్తుందా లేదా, అది చూసి కొనాలి. ర్యామ్ తప్పు చేస్తే చెప్తుందా, డిస్క్ పోతుంటే చెప్తుందా, ఫ్యాన్ ఆగితే చెప్తుందా, అర్ధరాత్రి హ్యాంగ్ అయితే ఇంట్లో కూర్చుని దాని స్క్రీన్ చూడగలమా. వీటికి జవాబు చెప్పేది చిప్‌సెట్టూ (ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే, బోర్డు మీది చిప్పు) బోర్డూ ర్యామూ. అవి తేలాక ప్రాసెసర్ ఎంచుకోవడం పావుగంట పని.

నాలుగేళ్ల కింద సంగతి ఒకటి చెప్తా. ఖమ్మం వైపు ఒక డయాగ్నస్టిక్ సెంటర్, డేటాబేస్ నెలకోసారి కరప్ట్ అవుతోంది, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు వచ్చి బాగుచేసి పోతున్నారు, మూడు వారాలు తిరక్కుండానే మళ్లీ అదే. ఐదు నెలలు ఆ పిల్లల్ని తిట్టారు, వాళ్లు కూడా పాపం రాత్రుళ్లు కూర్చుని కోడంతా గాలించారు. నన్ను పిలిచేసరికి అందరికీ విసుగొచ్చేసింది. మెషీన్ చూస్తే ఖరీదైనదే, డెస్క్‌టాప్ ఐ7, 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు. రాత్రి సెంటర్ మూసేశాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి, పేషెంట్లు కూర్చునే బెంచీ మీదే పడుకున్నా. మొదటి రౌండ్ క్లీన్, రెండోదీ క్లీన్. తెల్లారుజామున నాలుగింటికి లేచి చూస్తే స్క్రీన్ మీద ఎర్ర లైన్ ఒకటి. రావాల్సిన విలువ, వచ్చిన విలువ పక్కపక్కనే చూపిస్తుంది కదా, రెంటికీ తేడా ఒకే ఒక్క అక్షరం. ఒకే అడ్రస్, ఒకే బిట్. తర్వాతి రౌండ్లోనూ అదే అడ్రస్, అదే బిట్. ర్యామ్ బాగా వేడెక్కాక ఆ ఒక్క బిట్ తప్పు చెప్తోంది, అంతే.

అసలు బాధ ఏంటంటే బ్యాకప్. రోజూ తీస్తున్నారు, పద్ధతిగానే తీస్తున్నారు, కానీ తప్పు డేటాకి బ్యాకప్ తీస్తే అందులో ఉండేదీ తప్పే కదా. ఏ తేదీ వరకు సరైందో ఎవరూ చెప్పలేని పరిస్థితి. పాత కాగితం రిపోర్టులు కుప్పేసుకుని ఇద్దరు అమ్మాయిలు రెండు వారాలు ఒక్కో నంబరూ సరిచూశారు. అవి షుగర్ రిపోర్టులు, థైరాయిడ్ రిపోర్టులు, జనం ఆ నంబర్ చూసి మాత్ర వేసుకుంటారు. అదృష్టం కొద్దీ రిపోర్టుల నంబర్లలో తేడా దొరకలేదు, పాడైంది డేటాబేస్ వెతుక్కోడానికి వాడే ఇండెక్సులూ, కొన్ని పాత బిల్లులూ. అయినా ఆ రెండు వారాలు నాకు సరిగా నిద్ర లేదు.

ఈసీసీ ర్యామ్ ఉండుంటే ఇదంతా మొదటి వారంలోనే తేలిపోయేది. మామూలు డీడీఆర్4 స్టిక్ ఒకసారికి 64 బిట్లు మోస్తే ఈసీసీ స్టిక్ 72 మోస్తుంది, ఆ మిగతా 8 బిట్లూ లెక్క సరిచూడ్డానికే. చేతిలో పట్టుకుని చూసినా తెలుస్తుంది, మామూలు స్టిక్‌కి ఒక వైపు నల్ల చిప్పులు ఎనిమిది ఉంటే దీనికి తొమ్మిది. ఒక బిట్ తప్పితే అక్కడికక్కడే సరిచేసి, ఫలానా స్లాట్‌లో తప్పు వచ్చింది అని లాగ్‌లో రాసి పెడుతుంది. రెండు బిట్లు తప్పితే సరిచేయలేదు గానీ పట్టుకుంటుంది, మామూలుగా మెషీన్ అక్కడే ఆగిపోతుంది. ఆగిపోవడం ఎంత మేలో ఆ కాగితాల కుప్ప చూసినవాళ్లకి తెలుసు.

"ఎప్పుడో కోటికొకసారి జరిగేదానికి అంత డబ్బెందుకు" అంటారు. గూగుల్ సర్వర్లలో ర్యామ్ తప్పుల మీద గూగుల్ వాళ్లూ టొరంటో యూనివర్సిటీ వాళ్లూ కలిసి 2009లో ఒక పేపర్ వేశారు, ఏడాదిలో 8 శాతానికి పైగా స్టిక్కుల్లో తప్పులు కనిపించాయని తేల్చారు. అది కోటికొకటి కాదు, పన్నెండు స్టిక్కులకొకటి. ఇంకొందరు "డీడీఆర్5 కొంటున్నాం కదా, అందులో ఈసీసీ లోపలే ఉంటుంది" అని వాదిస్తారు. అది చిప్పు తన లోపలి తప్పుని తను సరిచేసుకునే ఏర్పాటు. చిప్పు నుంచి ప్రాసెసర్ దాకా వచ్చే దారిలో తప్పు దొర్లితే దానికి సంబంధం లేదు, పైగా ఏం సరిచేసిందో ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పదు. స్టిక్ మెల్లగా చస్తుంటే మనకి తెలిసే దారి లేదు.

ఇప్పుడు చిప్‌సెట్ దగ్గరికి రండి, నాకు కడుపు మండేది ఇక్కడే. ఆ కొటేషన్లో ఉన్న ఐ9కి ఈసీసీ చేతనవుతుంది. నిజంగా. 12వ జనరేషన్ నుంచి చాలా కోర్ ప్రాసెసర్లకి చేతనవుతుంది, కానీ బోర్డు మీద డబ్ల్యూ680 లాంటి వర్క్‌స్టేషన్ చిప్‌సెట్ ఉంటేనే. బీ760 మీద పెడితే ఆ శక్తి ఉండీ లేనట్టే. ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్ ఉన్నది ప్రాసెసర్‌లో, దారి మూసేది చిప్‌సెట్ పేరు మీద! ఒకప్పుడు ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ జియాన్ ఈ3 వీ3ని మామూలు బీ85 బోర్డు మీద కూడా నడిపేవాళ్లం, ఈసీసీ లేకపోయినా కనీసం నడిచేది. 2015లో వీ5 వచ్చాక సీ232, సీ236 చిప్‌సెట్ల బోర్డులుంటేనే అన్నారు, ఆ తలుపు కూడా మూసేశారు. లైనక్స్‌ని సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ 2021 జనవరిలో దీని మీదే ఇంటెల్‌ని బాగా దులిపాడు, మార్కెట్‌ని ముక్కలు చేసుకోడానికి ఈసీసీని మామూలు మనిషికి అందకుండా చేశారని. నూటికి నూరుపాళ్లు నేనూ అదే అంటా. తప్పు చేయకుండా లెక్క చెప్పడం కంప్యూటర్‌కి ఉండాల్సిన కనీస గుణం, దాన్ని పెద్ద కంపెనీలకి అమ్మే సౌకర్యం చేసి పెట్టారు.

ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ వైపు చూస్తే, రైజెన్ ప్రాసెసర్లలో చాలావాటికి ఈసీసీని మూసేయలేదు, కానీ పనిచేస్తుందా లేదా అన్నది బోర్డు తయారుచేసినవాడి చేతిలో వదిలేశారు, గ్రాఫిక్స్ కలిసొచ్చే జీ మోడళ్లలో ప్రో అయితే తప్ప అదీ లేదు. 2024లో ఎపిక్ 4004 అని సర్వర్ ప్రాసెసర్లు తెచ్చారు, మామూలు డెస్క్‌టాప్ ఏఎం5 సాకెట్టే, ఈసీసీ అధికారికంగా ఉంది. చిన్న ఆఫీసుకి ఇప్పుడు నేను చెప్పేది ఇదో, లేదంటే జియాన్ ఈ-2400తో వచ్చే చిన్న టవర్ సర్వరో. రెండూ చేతికి దొరక్కపోతే నాలుగైదేళ్లు వాడిన బ్రాండెడ్ టవర్, దూరం నుంచి స్క్రీన్ చూపించే ఐడ్రాక్ (డెల్‌ది) గానీ ఐలో (హెచ్‌పీది) గానీ ఉన్నది, వారంటీ ఇచ్చే రీఫర్బిష్డ్ షాపులో తీసుకోండి. కొత్త ఐ9 కంటే అదే నయం అని మొహమాటం లేకుండా చెప్తున్నా.

రీఫర్బిష్డ్ అన్నా కదా అని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లోనో ఆన్‌లైన్లోనో దొరికే "ఎక్స్99 జియాన్ కాంబో" మీదికి పోకండి. ఈ5-2680 వీ4, 14 కోర్లు, వినడానికి భలే ఉంటుంది, రేటు చూస్తే ఇంకా భలే ఉంటుంది. ప్రాసెసర్ అసలుదే, 2016 నాటి మంచి సరుకే. తంటా అంతా బోర్డుతో. పైన ఎక్స్99 అని ప్రింట్ ఉంటుంది, డివైస్ మేనేజర్ తెరిచి చూస్తే చాలావాటిలో పాత డెస్క్‌టాప్ బోర్డుల్లోంచి ఊడదీసి అతికించిన హెచ్81, బీ85 చిప్‌సెట్లు కనిపిస్తాయి. బయోస్ అప్‌డేట్ ఎవడిస్తాడో తెలీదు, కరెంటు సర్దే భాగం మీద హీట్‌సింక్ వేలెడంత. ఇంట్లో పెట్టుకుని లైనక్సూ వర్చువల్ మెషీన్లూ నేర్చుకునే కుర్రాళ్లకి కొనుక్కోమనే చెప్తా, అంత డబ్బుకి అన్ని కోర్లు ఇంకెక్కడా రావు. ఊళ్లో జనం డబ్బులు, రిపోర్టులు, మార్కులు మాత్రం దాని మీద పెట్టకండి.

కోర్ల పిచ్చి గురించి ఒక ముక్క. విండోస్ సర్వర్ 2016 నుంచి లైసెన్స్ కోర్ల లెక్కన, సర్వర్‌కి కనీసం 16 కోర్లకి కట్టాలి, ఆ పైన ఎన్ని ఉంటే అంత ఎక్కువ. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌కి కోర్ లైసెన్స్ అయితే ఇంకా బరువు. ఖాళీగా కూర్చునే కోర్లకి కూడా అద్దె కడుతున్నట్టే. ఆ డబ్బుతో రెండో పవర్ సప్లై, రెండు డిస్కులు ఎక్కువ వస్తాయి.

ఇక ఆ 13, 14వ జనరేషన్ ఐ9ల సంగతి మర్చిపోయారా? వోల్టేజ్ ఎక్కువ అడిగి అడిగి చిప్పు తనంతట తనే అరిగిపోయే జబ్బు, 2024లో బయటపడింది, ఇంటెల్ ఆగస్టులో దాన్ని అదుపు చేసే మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పుని ఏ అప్‌డేటూ బాగుచేయదు. అంతకుముందు 2017లో ఇంటెల్‌దే ఆటమ్ సీ2000 అనే చిన్న ప్రాసెసర్, క్లాక్ సిగ్నల్ ఆగిపోయి పెట్టెలకి పెట్టెలు చచ్చాయి. ఎవరి ప్రాసెసరూ దీనికి అతీతం కాదు. ఏఎండీ సర్వర్ ప్రాసెసర్ ఎపిక్ 7002లో చివరి రీసెట్ నుంచి 1044 రోజులు దాటాక ఒక కోర్ నిద్రలోంచి లేవకుండా ఉండిపోయే తప్పుంది, ఆ కంపెనీ తన ఎరాటా (తెలిసిన తప్పుల) పత్రంలోనే రాసింది, మధ్యలో రీబూట్ చేయండి లేదా ఆ స్లీప్ స్టేట్ ఆపేయండి అని. "మా సర్వర్ మూడేళ్లుగా రీబూట్ చేయలేదు" అని గర్వంగా చెప్పేవాళ్లని చూస్తే నాకు గుండె దడ. 2019లో సర్వర్ కంపెనీ హెచ్‌పీఈ చెప్పింది, కొన్ని ఎస్ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయి, డేటా తిరిగి రాదు, కొత్త ఫర్మ్‌వేర్ (డిస్క్ లోపలి సాఫ్ట్‌వేర్) వేసుకోండి అని. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. రెయిడ్‌లో (ఒక డిస్క్ పోయినా డేటా ఉండేలా కలిపి పెట్టే పద్ధతిలో) ఉన్న డిస్కులన్నీ ఒకే రోజు కొని ఒకే రోజు ఆన్ చేసి ఉంటాం, పోవడం కూడా అన్నీ ఒకే పూట పోతాయి, ఇంక రెయిడ్ ఎవర్ని కాపాడుతుంది? అందుకే మూణ్నెల్లకోసారైనా మీ మోడల్ పేరు కొట్టి ఫర్మ్‌వేర్ నోట్స్ చదవండి అని మొత్తుకుంటా, చదవడం కూడా మెయింటెనెన్సే.

మిగతా మెయింటెనెన్స్ మన ఊళ్లకి తగ్గట్టు ఉండాలి. మెషీన్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీలు ఉండాలని పుస్తకం చెప్తుంది, మన దగ్గర మే నెలలో కొత్తగూడెం, రామగుండం వైపు బయటే 45. ఆదివారం ఆఫీసు మూసేసి ఏసీ కట్టేసి సర్వర్ మాత్రం నడవనిస్తారు, సోమవారం పొద్దున తలుపు తీస్తే లోపల పొయ్యి. యూపీఎస్ బ్యాటరీ 25 డిగ్రీలకి లెక్కేసి చేస్తారు, 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. బ్యాటరీ మీద మార్కర్‌తో తేదీ రాయండి. ఎర్తింగ్ చూడండి, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య మల్టీమీటర్ పెడితే ఒకటి రెండు వోల్టులు మించకూడదు, నేను ఒకచోట 30 చూశా, ఎర్త్ పిట్‌లో నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. పవర్ సప్లైలో బల్లి పడి మాడిపోయిన కేసులు చేతులారా మూడు విప్పాను, వెనక ఖాళీ స్లాట్లకి మూతలు పెట్టకపోతే వస్తాయి, చీమలు కూడా. దసరాకి ఆయుధపూజ రోజు సర్వర్‌కి బొట్టు పెడతారు, నాకు చాలా ఇష్టం ఆ పద్ధతి, అన్నం పెట్టే యంత్రం కదా. ముందు జాలీ మీద మాత్రం కుంకుమ పడనివ్వకండి, ముందురోజు ఆఫ్ చేసి మూత తీసి, ఫ్యాన్ రెక్క వేలితో ఆపి పట్టుకుని బ్లోయర్ కొట్టండి.

దూరం నుంచి చూసుకునే పోర్టుకి వచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంచకండి, దాన్ని ఇంటర్నెట్‌కి తెరవకండి. రెయిడ్ కార్డ్ కీచుమని మోగితే మ్యూట్ నొక్కి ఊరుకోకండి, అది పిలుస్తోంది.

ఆ డయాగ్నస్టిక్ సెంటర్లో ఇప్పుడున్నది చిన్న జియాన్ టవర్, రెండు పవర్ సప్లైలు, ఈసీసీ ర్యామ్. ఆ కాగితాలు సరిచూసిన ఇద్దరమ్మాయిల్లో ఒకామెకి ఈవెంట్ లాగ్ ఎలా తెరవాలో నేర్పా, ప్రతి సోమవారం చూస్తుంది. పోయిన నెల తనే ఫోన్ చేసింది, "అన్నా, ఏ2 స్లాట్ దగ్గర కరెక్టెడ్ అని మూడుసార్లు వచ్చింది, పోయిన వారం లేదు" అని. వారంటీలో స్టిక్ తెప్పించి ఆదివారం మధ్యాహ్నం మార్చాం, అరగంట పట్టింది. ఒక్క రిపోర్టు కూడా పాడవలేదు.

నిన్నటి కొటేషన్ వెనక్కి పంపేశా, బోర్డూ ర్యామూ మార్చి మళ్లీ తెమ్మన్నా, ప్రాసెసర్ 8 కోర్లు చాలని రాశా. మీ దగ్గర కూడా ఇలాంటిది ఉంటే అడ్వాన్స్ కట్టే ముందు పంపండి, షాపు పేరూ రేట్లూ చెరిపేసి పంపినా పర్లేదు, బోర్డు లైనూ ర్యామ్ లైనూ కనిపిస్తే చాలు.