సవరణ: థాయిలాండ్ 30 బాత్ పథకం ప్రీమియం బీమా కాదు

అభివృద్ధి చెందుతున్న దేశాల్లో సార్వత్రిక ఆరోగ్య రక్షణ గురించిన గత పోస్టులో, థాయిలాండ్ 2002లో తెచ్చిన పథకాన్ని ప్రజలు ప్రీమియం కట్టే బీమాగా పేర్కొన్నాం. ఆ వాక్యాన్ని ఇలా చదువుకోగలరు: ఆ పథకం పన్నుల సొమ్ముతో నడుస్తుంది. పథకం పేరులోని 30 బాత్‌లు (బాత్ థాయిలాండ్ కరెన్సీ) ప్రీమియం కాదు, ఆస్పత్రికి వెళ్లినప్పుడు కట్టే రుసుము. 2006లో ఆ రుసుమును ఎత్తేసి, 2012లో మళ్లీ పెట్టారు. ప్రభుత్వోద్యోగులకూ, సామాజిక భద్రతా పథకంలోని ప్రైవేటు ఉద్యోగులకూ వేరే ఏర్పాట్లున్నాయి; ఈ పథకం మిగతావారికి.

ఈ తేడా చిన్నది కాదు. ప్రీమియం కట్టించుకోవాలంటే సాధారణంగా జీతంలో కోత పెడతారు. రైతుకూ, రోజుకూలీకీ ఆ జీతమే ఉండదు. అందుకే అక్కడ బడ్జెట్ నుంచి నమోదైన మనిషికి ఇంత అని బయటిరోగుల చికిత్సకు ఆస్పత్రులకు ముందే ఇస్తారు. ఇన్‌పేషెంట్లకు జబ్బు తీరును బట్టి, మొత్తం బడ్జెట్ పరిమితికి లోబడి చెల్లిస్తారు. ఇలా తలసరిగా ముందే డబ్బు ఇచ్చినప్పుడు ఆస్పత్రి సేవలు తగ్గించే ప్రమాదముంది కాబట్టి నాణ్యతపై నిఘా తప్పనిసరి. డయాలసిస్ మాత్రం పథకంలో మొదట్లో లేదు, 2008లో చేర్చారు.