ఓడిన పిల్లను కారులో ఏమీ అడగకండి

మొన్న మన సంఘం ఉగాది వేదికపై, పంచాంగ శ్రవణం ముగిశాక జరిగిన క్రీడా సత్కారంలో, ఫెన్సింగ్‌లో (కత్తిపోటీలో) ఎపే అనే రకం కత్తితో ఆడే మా రెండో అమ్మాయిని పరిచయం చేస్తూ ఒక పెద్దాయన, “14-15తో పోయిందట, ఆ ఒక్క పాయింటూ కొట్టలేకపోయావా తల్లీ” అని మైకులో అన్నారు. సభ నవ్వింది, శాలువా కప్పుకున్న పిల్ల నవ్వలేదు. ఆయనది దురుద్దేశమని నేననను. తొంభై ఎనిమిది వస్తే తక్కిన రెండు మార్కులేవని అడిగే ఇళ్లలోనే మనమంతా పెరిగాం, ఆ అలవాటే మనలో చాలామందిని ఈ దేశం దాకా తెచ్చింది కూడా.

కాని ఆ ఒక్క పాయింటు ఎక్కడ పోతుందో చూడండి. ఉదయం పూల్ పోటీలు (చిన్న బృందంలో అందరితో అందరూ ఆడేవి), ఒక్కొక్కటి మూడు నిమిషాలు, ఐదు టచ్‌లు (కత్తి మొన తగిలితే ఒక టచ్, అదే పాయింటు). తరువాత ఎలిమినేషన్ (ఓడితే ఇంటికే) పట్టిక వచ్చేదాకా నిరీక్షణ. సరిగ్గా అప్పుడే మనం ప్రేమగా పులిహోర డబ్బా తెరుస్తాం, కడుపు బరువెక్కుతుంది, వేడెక్కిన తొడలు చల్లబడతాయి. ఆపై పదిహేను టచ్‌ల పోరు, మూడేసి నిమిషాల మూడు విడతలు, నడుమ నిమిషం విరామం. ఎప్పుడూ ఒకే కాలు ముందుకు వేసి పొడవడం వల్ల శరీరం ఒక పక్కే బలపడుతుంది కనుక, వాళ్ల కోచ్ కత్తి ముట్టనివ్వని రోజుల్లో రెండో కాలికి కసరత్తు చేయిస్తారు.

మనసుకూ సాధన ఉంది. టచ్ పోగానే మా అమ్మాయి గీత దగ్గరికి నడుస్తూ నిండుగా ఊపిరి వదిలి, బొటనవేలితో పిడిని ఒకసారి నొక్కుతుంది, పోయినది అక్కడితో సరి. 14-14 దగ్గర ఇద్దరి కత్తులూ ఒకేసారి తగిలి రెండు దీపాలూ వెలిగితే ఆ టచ్ చెల్లదు, మళ్లీ పొంచి నిలబడాలి. అప్పుడు గ్యాలరీలోంచి “వెళ్లు, పొడువు” అని అరిచే నాన్నలు (మా వారితో సహా) నెలల సాధనను క్షణంలో చెదరగొడతారు.

భారతదేశం తరఫున ఒలింపిక్స్‌లో తొలిసారి ఫెన్సింగ్ ఆడిన చెన్నై అమ్మాయి భవానీ దేవి, 2021లో టోక్యోలో మొదటి పోరు 15-3తో గెలిచి, రెండోది 7-15తో ఓడి, ట్విట్టర్‌లో క్షమాపణ చెప్పుకుంది. అంత దూరం వెళ్లిన మనిషికే తప్పని ఆ బరువు మన పిల్లల మీద ఎందుకు?

ఫీజులకూ ప్రయాణాలకూ అంత ఖర్చుపెట్టి, కాలేజీ దరఖాస్తులో పతకం కోరుకునే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. అయినా ఓడి కారెక్కిన పిల్లను ఇల్లు చేరేదాకా ఆట గురించి ఏమీ అడగవద్దని వేడుకుంటున్నాను. కార్యవర్గానికి ఇంకొక మనవి: శనివారం తెలుగు బడి వదిలాక ఆ హాలు ఖాళీగానే ఉంటోంది కనుక, ఆటలాడే పిల్లల వ్యాయామానికి ఒక గంట ఇప్పించండి. తాళం తీసి వేసే బాధ్యత నాది.