మ్యాప్ గీశాక పిలిస్తే ఏం లాభం?

2023 జనవరిలో కామారెడ్డి కలెక్టరేట్ ముందు రైతులు బైఠాయించారు. కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పంట భూములు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని వాళ్ల ఆందోళన. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. అధికారులు మాత్రం ‘ఇది ముసాయిదాయే, అభ్యంతరాలుంటే రాసివ్వండి’ అన్నారు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. అదే నెలలో జగిత్యాలలోనూ ఇదే గొడవ, ఇదే ముగింపు.

అధికారుల మాటలో చట్టపరంగా తప్పు లేదు. గడువు ఇచ్చారు, అర్జీలు తీసుకున్నారు. చిక్కంతా ఆ ‘అభ్యంతరం’ అనే మాటలోనే ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత ఊరు ఎలా ఉండాలో మొదట ఎవరూ అడగరు. ఎక్కడో కన్సల్టెంట్ ఆఫీసులో అంతా గీసేశాక, ‘మీకేమైనా ఇబ్బందా?’ అంటారు. అప్పటికి ఎవరైనా తన గుంట భూమిని కాపాడుకునే పనిలోనే ఉంటాడు తప్ప ఊరి గురించి ఎక్కడ ఆలోచిస్తాడు?

ఆ మ్యాప్ చదవడమైనా తేలికా? పసుపు రంగు ఇళ్లకు, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు. సర్వే నంబర్లు చీమ తలకాయంత. కళ్లజోడు సవరించుకుని, వేలు పెట్టి వెతుక్కుని, చివరికి పక్కనున్న కుర్రాణ్ని ‘నా చేను ఏ రంగులో ఉంది చూడు బిడ్డా’ అని అడగాల్సిందే. వెంచర్లు వేసేవాళ్లకు మాత్రం ఈ బాధ ఉండదు. మ్యాప్ గోడకెక్కకముందే వాళ్లకు అంతా తెలుస్తుందని ఏ ఊళ్లోనైనా చెప్పుకుంటారు.

74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకే. కామారెడ్డి లాంటివి ఆ లెక్కలోకి రావు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ఈ లోటును కొంత పూడ్చింది: ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖుల పేరిట నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. మొక్కలు నాటడానికి, చెత్త ఏరడానికి వీళ్లు గుర్తొస్తారు. మాస్టర్ ప్లాన్ మొదలెట్టే రోజున కూడా వీళ్లనే ముందు కూర్చోబెట్టాలి.

గీతలు లేని మ్యాప్ ఒకటి వాళ్ల ముందు పరవండి. వానాకాలంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, పూడిపోయిన కుంట అసలు ఎక్కడుండేదో డెబ్బై ఏళ్ల పెద్దాయన చూపిస్తాడు. శాటిలైట్ ఫొటోలో కనిపించేది ఆ కుంట మీద లేచిన ఇళ్లే. ఆడపిల్లలు ఏ దారిన కాలేజీకి వెళ్లడానికి జంకుతారో మహిళా కమిటీ చెబుతుంది.

ఇలా చేస్తే గొడవలు రావని కాదు. వంద అడుగుల రోడ్డు అందరికీ కావాలి, తన చేలోంచి మాత్రం పోకూడదు. ఆ తగాదా మ్యాప్ గీయకముందే, వార్డులోనే, పోలీసులు లేకుండా జరగాలంటున్నాను.

ఇంకో చిక్కుంది. అభ్యంతరం చెప్పాలంటే ముందు సర్వే నంబరు రాయాలి. కౌలు రైతుకు, రోడ్డు పక్కన కూరగాయలమ్మే ఆవిడకు ఆ నంబరు ఉండదు. రోడ్డు వెడల్పు చేస్తే ముందు లేచిపోయేది ఆవిడ బుట్టే. ఆవిడ తన అర్జీలో ఏ నంబరు వెయ్యాలి?