25 డిగ్రీల సూర్యుడు కావలెను

సౌర విద్యుత్ శాస్త్రజ్ఞులకు కడప జిల్లా ప్రజానీకం తరఫున ఒక విన్నపం. ప్రపంచ రికార్డులు ప్రకటించేటప్పుడు సెల్లును ఎంత వేడిలో కొలిచారో కాస్త పెద్దక్షరాల్లో వేయించండి. 25 డిగ్రీలట! మే నెలలో మా ఊళ్లో అంత చల్లదనం దొరికేది రెండే చోట్ల: నగల షాపులో, ఏటీఎంలో. రెండోదానికి గ్యారంటీ లేదు. సోలార్ పలకను మాత్రం మిద్దె మీద పెట్టుకోమంటారు. అక్కడ దాని ఒళ్లు అరవై డిగ్రీలు దాటుతుంది.

ఈ రికార్డుల్లో ముందున్న కొత్త సోలార్ పదార్థం పేరు పెరోవ్‌స్కైట్. దాని ఎదుగుదలకు కుళ్లుకోనివాళ్లు లేరు. పడిన ఎండలో ఎంత వంతు కరెంటుగా మారుతుందన్నదే ఇక్కడ లెక్క. 1954లో 6 శాతంతో బయల్దేరిన సిలికాన్, అంటే మామూలు పలకల్లో ఉండే పదార్థం, 25 శాతం దాకా రావడానికి నలభై ఏళ్ల పైనే పట్టింది. 2009లో జపాన్‌లో మియాసాకా బృందం చేతిలో 3.8 శాతంతో మొదలైన ఇది అప్పుడే 26 దాటేసింది.

ఈమధ్య పరుగులో చాలా ఘనత ఒక పొరది. మందం నానోమీటరు అటూ ఇటూ, అంటే ఒకే ఒక్క వరస అణువులు. ద్రావణాన్ని అద్దం మీద పోస్తే చాలు, ఒక్కో అణువులో ఫాస్ఫోనిక్ ఆమ్లం ఉన్న కొస అద్దం మీద ఎలక్ట్రోడుగా పనిచేసే ఆక్సైడు పూతను పట్టుకుంటుంది, కార్బజోల్ అనే భాగం ఉన్న రెండో కొస పెరోవ్‌స్కైట్ వైపు తిరిగి నిలబడుతుంది. మేస్త్రీ లేడు, సూపర్‌వైజర్ లేడు. ధనావేశాలను పోనిచ్చి ఎలక్ట్రాన్లను ఆపే పని ఇక దానిదే. ఇలాంటి పొరతోనే 2020లో బెర్లిన్ పరిశోధకులు సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ ఎక్కించి 29.15 శాతం లాగారు. సెల్లు వైశాల్యం సుమారు ఒక చదరపు సెంటీమీటరు. మా పక్కింటి పెద్దమ్మ పెట్టే వడియం అంతకన్నా పెద్దది.

చిక్కేమిటంటే, ఈ అణువులు కొన్నిసార్లు వరసలోకి రాకముందే ద్రావణంలో గుంపులు కడతాయి. నడుమ ఖాళీ వదిలిన చోట పెరోవ్‌స్కైట్ నేరుగా ఎలక్ట్రోడుకు తగిలి, పుట్టిన కరెంటు అక్కడే వృథా అవుతుంది. గుంపులు కట్టడం మాకు కొత్త కాదు గానీ శాస్త్రజ్ఞుల వైద్యం మాత్రం కొత్తది: ఇంకో రకం చిన్న అణువులను తెచ్చి ఖాళీల్లో కూర్చోబెడుతున్నారు. మా జిల్లాలో మూడో వర్గాన్ని దింపితే ఏమవుతుందో వాళ్లకు తెలిసినట్టు లేదు.

ఇక మన్నిక. అంతర్జాతీయ పరీక్షలో పలకను 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచుతారు. అంత తేమ మా దగ్గర లేదు, ఒప్పుకుంటాం. కానీ 1000 గంటలంటే నిండా 42 రోజులు కూడా కాదు. శివరాత్రికి చలి శివశివా అని పోయాక మా ఎండ జూన్ దాకా దిగదు.

కనుక 'కడప ప్రమాణం' ప్రతిపాదిస్తున్నాం. పలకను సిమెంటు ఫ్యాక్టరీలున్న మా ఎర్రగుంట్ల పక్క ఏదైనా మిద్దె మీద ఉగాది నుంచి వినాయక చవితి దాకా ఉంచాలి. సిమెంటు దుమ్ము తుడవరాదు, ఎందుకంటే మేమూ తుడవం. ఎండుమిరపకాయలు ఆరబోస్తే అభ్యంతరం చెప్పరాదు. కోతి కూర్చుంటే ఆ బరువూ లెక్కే.

ఇదంతా పెద్దమ్మకు వివరంగా చెప్పాను. "ఇరవై ఆరా, ముప్పయ్యా అని నేనడిగినానా నాయనా? బ్యాంకు అప్పు తీరేదాకన్నా ఉంటాదా?" అంది. బెర్లిన్ వాళ్లు జవాబు రాసి పంపితే ఆమెకు చదివి వినిపించే బాధ్యత నాది.