పరుగులు తిరిగొచ్చాయి, పర్ఫెక్ట్ గేమ్ రాలేదు

1983 జులై 24, న్యూయార్క్ యాంకీ స్టేడియంలో బేస్‌బాల్ మ్యాచ్. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక కాన్సాస్ సిటీ రాయల్స్ బ్యాటర్ జార్జ్ బ్రెట్ రెండు పరుగుల హోమ్ రన్ (బంతిని మైదానం దాటించే దెబ్బ) బాదాడు. 3-4తో వెనకబడ్డ జట్టు 5-4తో ముందుకొచ్చింది. అప్పుడు యాంకీస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ బ్యాటు కొలవమన్నాడు. పట్టు కోసం పూసే పైన్ తారు పిడి చివర నుంచి 18 అంగుళాలు దాటకూడదు. అంపైర్ టిమ్ మెక్‌క్లెలాండ్ బ్యాటును నేల మీది హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కనే నిలబడి ఆడే పలక) పక్కన పెట్టి చూశాడు. ప్లేటు వెడల్పు 17 అంగుళాలు, టేపుతో పనేముంది? తారు 18 అంగుళాల హద్దు దాటింది. బ్రెట్ ఔట్, ఆట ముగిసింది. బ్రెట్ డగౌట్‌లోంచి కోపంతో ఊగిపోతూ దూసుకొచ్చాడు.

రాయల్స్ ఫిర్యాదుపై అమెరికన్ లీగ్ అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ ఆ పరుగులు తిరిగిచ్చారు. తారు ఎక్కువైతే బ్యాటును తీసేయించాలి గానీ హోమ్ రన్‌ను చెరిపేయడం నిబంధన ఉద్దేశం కాదన్నారు. ఆగస్టు 18న మిగిలిన ఆట ఆడించారు. మార్టిన్ ఊరుకునే రకమా? బ్రెట్ బేస్‌లన్నీ (పరుగు కోసం బ్యాటర్ చుట్టి రావాల్సిన మూలలు) తాకలేదంటూ అప్పీలు చేయించాడు. ఆ రోజు అంపైర్లు వేరే వాళ్లు. అయినా సరే, తాకాడని పాత అంపైర్లు రాసిచ్చిన నోటరీ అఫిడవిట్ తీసి చూపించారు!

27 ఏళ్లు గడిచాయి. 2010 జూన్ 2న డెట్రాయిట్ పిచర్ (బంతి విసిరేవాడు) అర్మాండో గలరాగా వరసగా 26 మందిని ఔట్ చేశాడు. ఇంకొక్కడు ఔటైతే పర్ఫెక్ట్ గేమ్, అంటే ప్రత్యర్థి బ్యాటర్ ఒక్కడూ బేస్ చేరని ఆట. జేసన్ డొనాల్డ్ ఫస్ట్ బేస్ చేరేలోపే బంతి గలరాగా గ్లోవ్‌లో, కాలు బేస్ మీద. అంటే ఔటే. అంపైర్ జిమ్ జాయిస్ మాత్రం 'సేఫ్' (ఔట్ కాదు) అన్నారు. ఆట ముగిశాక రీప్లే చూసి తప్పు తనదేనని ఒప్పుకున్నారు. బేస్‌బాల్ కమిషనర్ బడ్ సెలిగ్ మాత్రం నిర్ణయాన్ని మార్చలేదు. అప్పటికే క్రికెట్‌లో డీఆర్‌ఎస్ ఉందన్నది వేరే సంగతి.

నిబంధనను తప్పుగా అన్వయిస్తే ఫిర్యాదు చేయొచ్చు, అంపైర్ కంటితో చూసి చెప్పింది మాత్రం అంతిమం: బేస్‌బాల్ పాత సూత్రమిది. అర్థం ఉన్న సూత్రమే. మధ్యలో ఒక కాల్ మారిస్తే ఆ తర్వాతి ఆటంతా తిరగరాయాలి. కానీ ఇక్కడ తిరగరాయడానికి ఏముంది? డొనాల్డ్ తర్వాత వచ్చింది ఒక్క బ్యాటరే, అతడూ ఔటే. డెట్రాయిట్ 3-0తో గెలిచింది. మార్చినా ఎవరి గెలుపూ పోయేది కాదు. తారు విషయంలో మెక్‌ఫెయిల్ ఉద్దేశాన్ని చూశారు, సెలిగ్ అక్షరాన్ని పట్టుకున్నారు.

బేస్‌ల దగ్గరి నిర్ణయాలకు రీప్లే 2014లో వచ్చింది. గలరాగా ఆట మాత్రం రికార్డుల్లో ఇప్పటికీ ఒక్క హిట్ ఇచ్చిన షటౌటే (ప్రత్యర్థికి పరుగే ఇవ్వని ఆట).