డాల్ఫిన్లతో ఆత్మీయ సమ్మేళనం

డాల్ఫిన్ల మీద నాకు వ్యక్తిగత కక్షేమీ లేదు. ఆ మాట మొదటే చెప్పేస్తున్నాను. కానీ మొన్న మారిషస్‌లో అవి మా కుటుంబంతో మసలుకున్న తీరు నలుగురిలో పెట్టి తేల్చుకోవాల్సిందే. ముంబై మీదుగా రెండు విమానాలెక్కి, వాటితో ఈదడానికి మనిషికింతని ముందే డబ్బు కట్టి, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, కాఫీ చుక్క కూడా లేకుండా వచ్చినవాళ్ళకు వీపు చూపించి పోవడం ఏ ఊరి మర్యాద? మా గోదావరి వైపు పిలవని పేరంటానికి వెళ్ళినా కాళ్ళకు నీళ్ళిస్తారు. అక్కడ నీళ్ళకేమీ కొదవ లేదు కూడా.

అయినా తెలుగువాడు డాల్ఫిన్‌కు పరాయివాడా? విశాఖపట్నంలో ఏకంగా ఒక కొండకే డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టుకున్నాం. ఇన్నేళ్ళూ ముక్కుతోనే సరిపెట్టుకున్న జాతి, మిగతా శరీరం కూడా ఒకసారి చూసొద్దామని బయల్దేరితే తప్పేమిటి?

మారిషస్సూ మనకు కొత్త కాదు. మాది కాకినాడ. పక్కనే కోరంగి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ రేవున ఓడలెక్కిన మనవాళ్ళు చెరకు తోటల్లో కూలికి అక్కడికి చేరారు. వాళ్ళ మునిమనవలు ఈనాటికీ రామభజనం చేస్తారు. ఉగాదికి ఆ దేశమంతటికీ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. కాబట్టి ఆ సముద్రంలో మనకూ ఓ పిసరు వాటా ఉందన్నది మా బావమరిది వాదన. వాళ్ళు ఓడ అడుగున కడుపు మాడ్చుకుని వెళ్ళారు, మేం టిఫిను, భోజనం కలిపిన ప్యాకేజీలో వెళ్ళాం. తేడా అంతే.

వెళ్ళింది ఆరుగురం. నేను, మా ఆవిడ, బావమరిది, అతని భార్య, వాళ్ళ పిల్లలిద్దరు. మా అక్క కొడుకు కూడా రావాల్సింది గానీ పాపం, వాడికి సెలవు దొరకలేదు. తన గోప్రో కెమెరా మాత్రం నా చేతిలో పెట్టి, "జాగ్రత్త మామయ్యా, నీళ్ళలో వదిలేయకు" అన్నాడు. నన్ను వదిలేయొద్దని ఎవరికీ చెప్పలేదు. నాకు ఈత రాదు. సముద్రం పక్కన పుట్టినవాడికి పెద్దవాళ్ళు నేర్పే మొదటి విద్య, దాన్లోకి దిగకుండా ఉండటమే కదా.

హోటల్ నుంచి పడమటి తీరంలోని తామరిన్ దాకా తీసుకెళ్ళిన టాక్సీ డ్రైవరు మనవాడే. ముత్తాత విజయనగరం వైపు నుంచి వచ్చాడట. క్రియోల్, హిందీ, ఇంగ్లీషు కలిపి, మధ్యలో నాలుగు తెలుగు ముక్కలు చల్లి మాట్లాడాడు. మీరెప్పుడైనా డాల్ఫిన్లతో ఈదారా అని అడిగితే, "అవి పొద్దున్నే కదండీ పడుకునేది" అన్నాడు. దగ్గరున్నదాని విలువ ఎవరికీ తెలియదని మా బావమరిది దారి పొడుగునా బాధపడ్డాడు.

తీరా విచారిస్తే డ్రైవరు చెప్పింది నిజమేనట. ఆ తీరాన తిరిగేవాటిలో స్పిన్నర్ డాల్ఫిన్లు ఎక్కువ. వీటికి పని రాత్రిపూట. పగలు వందల మీటర్ల లోతున దాక్కునే చిన్న చేపలు, రొయ్యలు, స్క్విడ్‌లు చీకటి పడగానే పైకి వస్తాయి. వాటి కోసం ఇవి రాత్రంతా నడిసముద్రంలో మునుగుతూ తేలుతూ వేటాడతాయి. తెల్లారేసరికి ఒడ్డు దగ్గర లోతు తక్కువ ఉన్న చోటికి వచ్చి, ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు గుంపుగా చేరి, మెల్లగా కదులుతూనే నిద్రపోతాయి. కింద తెల్లటి ఇసుక ఉన్న చోటే ఎంచుకుంటాయట. సొరచేప వస్తే నల్లగా కనబడుతుంది కదా, అందుకని. నిద్రవేళ కాబట్టి శబ్దం పంపి దారి వెతుక్కునే పనినీ చాలామటుకు ఆపేసి, కళ్ళమీదే ఆధారపడతాయి. సొరచేప సంగతి ఇంత ముందుచూపుతో ఆలోచించుకున్న జంతువు, పొద్దున్న ఆరున్నరకొచ్చే టూరిస్టుల బ్యాచ్ సంగతి ఆలోచించుకోకపోవడం దాని తప్పు.

పైగా ఇందులో దాపరికం ఒకటుంది. డాల్ఫిన్‌కు ఊపిరి మనలాగా దానంతటది ఆడదు. తలుచుకుని పైకొచ్చి పీల్చుకోవాలి. మొత్తంగా నిద్రపోతే మునిగి చస్తుంది. అందుకని మెదడులో ఒక సగం పడుకుంటే ఇంకో సగం కాపలా కాస్తుందని, కాసేపయ్యాక వంతు మారుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. సరే, ఒప్పుకున్నాం. మరి మెలకువగా ఉన్న ఆ సగం ఏం చేస్తున్నట్టు? అతిథుల్ని పలకరించడానికి సగం మెదడు చాలదా? నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. సగం మెదడుని భోజనం కాగానే పడుకోబెట్టి, మిగతా సగంతోనే కౌంటరు ముందుకొచ్చిన ప్రతి ఒక్కరికీ "రేపు రండి" అని చెప్పి పంపాను. ఒక్కరోజు కూడా మునగలేదు. ఆపాటి సేవాభావం డాల్ఫిన్లలో లేకపోవడం విచారకరం.

ఇక సమ్మేళనం సంగతి. మేం వెళ్ళేసరికే అక్కడ పదికి పైగా పడవలున్నాయి. తిరుపతిలో సర్వదర్శనం క్యూ అలవాటున్నవాళ్ళం కాబట్టి మాకు కొత్తగా అనిపించలేదు. దూరంగా నీళ్ళమీద ఒక రెక్క లేచింది. అంతే, పడవలన్నీ ఇంజన్లు రేపి అటు ఉరికాయి. మా పడవవాడు ఆరితేరినవాడు. గుంపు వెనకాల పడితే లాభం లేదని తెలుసు. అర్ధచంద్రాకారంగా చుట్టుతిప్పి, సరిగ్గా అవి వెళ్ళే దారికి అడ్డంగా తీసుకెళ్ళి ఆపి "జంప్! జంప్!" అని అరిచాడు. పిల్లలు దూకారు. బావమరిది దూకాడు. మా ఆవిడ దేవుణ్ణి తలుచుకుని దూకింది. నన్ను ఎవరో తోశారు.

లైఫ్‌జాకెట్ వేసుకున్న మనిషి మునగడు. మునగనివాడికి కింద ఉన్న డాల్ఫిన్ కనబడదు. కనబడాలంటే జాకెట్ విప్పాలి. విప్పితే డాల్ఫిన్‌తో పాటు చాలా కనబడతాయి, చిన్నప్పుడు పోయిన మా తాతయ్యతో సహా. ఈ చిక్కుముడి విడేలోపు గుమ్మడికాయలా తేలుతూ రెండు గుక్కలు ఉప్పునీళ్ళు తాగాను. గుంపు మా కిందనుంచి జారి అటువైపు తేలింది. "పైకి ఎక్కండి, ఎక్కండి!" మళ్ళీ నిచ్చెన, మళ్ళీ ఇంజను, మళ్ళీ అడ్డం, మళ్ళీ జంప్. ఇలా ఏడుసార్లు. ఎనిమిదోసారి అవి లోతు నీళ్ళ వైపు తిరిగాయి. పని ముగించుకుని ఇల్లు చేరినవి మళ్ళీ పనిచోటుకే ఎందుకు పోతున్నాయో, వాటికే తెలియాలి.

ఆ పోవడంలో ఒకటి గాల్లోకి లేచి బొంగరంలా గిర్రున తిరిగి దబ్బున పడింది. స్పిన్నర్ అనే పేరు అందుకే వచ్చింది. ఒక్క ఎగురులో ఏడుసార్ల దాకా తిరగగలవట. పడవలన్నిట్లోనూ చప్పట్లు. "మనకోసమే చేసింది!" అంది మా ఆవిడ, కళ్ళనీళ్ళు పెట్టుకుని. ఎందుకలా తిరుగుతాయన్న దానికి పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. గుంపులో మిగతావాటికి కబురు చెప్పడానికి అని కొందరు. ఒంటికి అంటుకుని ఎంతకీ వదలని రెమోరా చేపల్ని విదిలించుకోవడానికి అని ఇంకొందరు. అంటుకుని వదలని జీవులంటే వాటికి అంత చిరాకెందుకో నాకు అర్థం కాలేదు.

మా బావమరిదికి మాత్రం ఏ సందేహమూ లేదు. "నవ్వుతోంది చూడండి బావగారూ! దానికి ఇష్టం లేకపోతే అలా నవ్వుతుందా?" న్యాయమైన ప్రశ్న. డాల్ఫిన్ మూతి కట్టుబాటే అంత. దవడ ఎముక అలా వంపు తిరిగి ఉంటుంది, ముఖకండరాలతో దాన్ని మార్చుకునే వీలు లేదు. కోపమొచ్చినా అదే నవ్వు, నొప్పి పుట్టినా అదే నవ్వు. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినా అదే నవ్వు. ఇంతకంటే ఆదర్శ ఆతిథ్య సిబ్బందిని ఏ హోటల్ యాజమాన్యమైనా కలగనగలదా? మన పెళ్ళిళ్ళలో స్టేజీ మీద నాలుగు గంటలు నిలబెట్టిన పెళ్ళికొడుకు మూతి కూడా ఆఖరికి ఇలాగే బిగుసుకుపోతుంది. వాణ్ణి మాత్రం ఎవరైనా ఇష్టమేనా అని అడిగారా?

మన ప్రభుత్వం మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. 2013లో కేంద్రం, దేశంలో ఎక్కడా డాల్ఫిన్లను కొలనుల్లో పెట్టి ఆటలాడించడానికి వీల్లేదని ఆదేశాలిచ్చింది. లేకపోతే ఏ రింగురోడ్డు పక్కనో కొలనులో చూసి, సాయంత్రానికి ఇంటికొచ్చి పెరుగన్నం తినేవాళ్ళం. విదేశీ మారకద్రవ్యం మిగిలేది. మా అన్నగారి కూతురు పర్యావరణం చదువుకుంటోంది. దాన్ని అడిగితే, కట్టేసి చూడటం పాపం అంటుంది. వెంటపడి చూడటాన్ని ఏమంటారే అని అడిగితే ప్యాకేజీ కాగితం చూపించింది. ఎకో టూరిజం అంటారట.

ఈ మధ్య కొన్ని దేశాలు మరీ మొహమాటం లేకుండా తయారవుతున్నాయి. న్యూజిలాండ్‌లో బే ఆఫ్ ఐలండ్స్ అని ఒక చోటుంది. అక్కడ బాటిల్‌నోస్ డాల్ఫిన్లు ఏటేటా తగ్గిపోతుంటే, జనం మరీ ఎక్కువ ప్రేమిస్తున్నారని 2019లో వాటితో ఈతే మానిపించారు. అమెరికా ఇంకా దారుణం. 2021 నుంచి హవాయి తీరంలో స్పిన్నర్ డాల్ఫిన్‌కు యాభై గజాల లోపలికి పోకూడదని చట్టం పెట్టింది. ఈత కొట్టేవాడైనా సరే, పడవైనా సరే. అక్కడితో ఆగిందా? గుంపు దారికి అడ్డంగా వెళ్ళి కాచుకుని ఉండటం కూడా నేరమేనట. అంటే మా పడవవాడి యావజ్జీవ విద్యను ఒక్క వాక్యంలో నేరం చేసేశారు. యాభై గజాలంటే మాటలా? హైదరాబాద్‌లో యాభై గజాల్లో మూడంతస్తుల ఇల్లు కట్టి, కింద రెండు షాపులు అద్దెకిస్తారు. అంత చోటు నిద్రకని వదిలేయమనడం రియల్ ఎస్టేట్ తెలిసినవాడు అనాల్సిన మాట కాదు.

(గజం లెక్కలో చదరం వేరు, పొడుగు వేరు అని మా అన్నగారి కూతురు సరిదిద్దబోయింది. వాదనలో బలం ఉన్నప్పుడు లెక్కలు చూడకూడదు.)

మారిషస్ వాళ్ళకు సముద్రం మీద ప్రేమ లేదనలేం. 2020లో వకాషియో అనే ఓడ ఆ దేశపు ఆగ్నేయ తీరాన పగడపు దిబ్బకెక్కి, వెయ్యి టన్నుల దాకా నూనె కక్కింది. అప్పుడు జనమే ముందుకొచ్చి చెరకు ఆకు కుక్కిన బస్తాలతో అడ్డుకట్టలు అల్లారు. వెంట్రుకలు నూనెను పీలుస్తాయంటే జుట్టు కత్తిరించి ఇచ్చారు. ఆ ఆగస్టు నెలాఖరులో డాల్ఫిన్ జాతివి పదుల కొద్దీ చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తే, వేలమంది నల్లబట్టలు కట్టుకుని పోర్ట్ లూయీ వీధుల్లోకి వచ్చారు. వాళ్ళు సముద్రానికి తలనీలాలిచ్చుకున్నారు. మేమూ ఉత్తచేతులతో పోలేదు. మా ఆరుగురి ఒంటిమీది సన్‌స్క్రీన్ క్రీము ఎనిమిదో జంప్‌కల్లా నీళ్ళమీద ఇంద్రధనుస్సులా తేలింది.

తర్వాత బెనితియే ద్వీపానికి తీసుకెళ్ళి భోజనం పెట్టారు. కాల్చిన చేప. ఎవరూ దాంతో ఆత్మబంధం గురించి మాట్లాడలేదు.

రాత్రి హోటల్లో వీడియో చూసుకున్నాం. పదకొండు నిమిషాలు. అందులో ఎనిమిది నిమిషాలు నీలం. రెండు నిమిషాలు బావమరిది కుడి పాదం. మిగిలినదాంట్లో బుడగలు, వేరే పడవవాళ్ళ పిర్రలు, ఇంకెవరిదో ఇంగ్లీషు బూతు. ఓ నాలుగు సెకన్లు బూడిదరంగు తోక ఒకటి మానుండి దూరమవుతూ. ఆ నాలుగు సెకన్లను నెమ్మదిగా తిప్పి, వేణువు జోడించి, "రెండు ఆత్మల కలయిక" అని రాసి బావమరిది స్టేటస్ పెట్టాడు. నూట ఇరవై మంది చూశారు. కాకినాడ నుంచి మా పెద్దనాన్నగారబ్బాయి ఒక్కడే "తోకెవరిది?" అని అడిగాడు. వాడికెప్పుడూ అసూయే.

హైదరాబాద్ చేరిన మర్నాడు కెమెరా తిరిగిచ్చేద్దామని ఆరుగురమూ మా అక్కవాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాం. పొద్దున్న పది దాటింది. మా అక్క తలుపు తీసి నోటిమీద వేలు వేసుకుంది.

"ఇందాకే పడుకున్నాడ్రా. రాత్రంతా అమెరికా వాళ్ళతో కాల్స్. ఏడింటికి లాగవుట్ అయ్యాడు. మధ్యాహ్నం దాకా లేపొద్దన్నాడు."

"ఒక్క నిమిషమే వదినా," అన్నాడు మా బావమరిది. "వీడియో చూపించి వెళ్ళిపోతాం. వాడి కెమెరాయే కదా, సంతోషిస్తాడు."

గది తలుపు మీద లేపొద్దని కాగితం అంటించి ఉంది. పిల్లలు దాన్ని చదివి నవ్వుకున్నారు. కర్టెన్లు దించి, ఏసీ వేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మేం మంచం చుట్టూ చేరాం. అటు నలుగురం, ఇటు ఇద్దరు. బావమరిది గోడకూ మంచానికీ మధ్యలోంచి దూరి, సరిగ్గా వాడి ముఖం ముందుకు ఫోను పెట్టి వేణువు మోగించాడు.

వాడు ఒక కన్ను తెరిచాడు. మూతి ఓ పక్కకు వంకర తిరిగింది.

"చూడండి బావగారూ, నవ్వుతున్నాడు," అన్నాడు మా బావమరిది.