కార్డు బాగానే ఉంది!

విజయవాడలో మే నెల. రాత్రి తొమ్మిదికి సత్యనారాయణపురంలో ఇంటికొచ్చి, గంటసేపు గేమ్ ఆడుకుందామని కంప్యూటర్ ఆన్ చేస్తే ఏం కనిపిస్తోంది? 'షేడర్లు కంపైల్ అవుతున్నాయి, 14 శాతం.' అంటే, తెర మీద బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములను గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యేలా మారుస్తోందన్నమాట. ఫ్యాన్ హోరు. గది ఇంకా వేడెక్కుతోంది. 31 దగ్గర కరెంటు పోయింది. మళ్లీ మొదటికి!

పోనీ, అంతసేపు ఆగాక సాఫీగా నడుస్తుందా? తలుపు తీసి కొత్త గదిలోకి అడుగుపెట్టగానే బొమ్మ టక్కున ఆగిపోతుంది. అర సెకనే. ఆ అర సెకనులోనే శత్రువు కొట్టేశాడు. ఇందులో నా తప్పేంటి?

గేమ్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య మాట కలిపే కొత్త వ్యవస్థలు రెండు: డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చింది 2015లో, వల్కన్ 2016లో. అంతకుముందు మెమరీ లాంటి తలనొప్పులు చాలావరకు డ్రైవరే, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేరే, చూసుకునేది. ఇప్పుడు ఆ పగ్గాలు గేమ్ తయారుచేసేవాళ్లకే ఇచ్చారు. ప్రాసెసర్ మీద భారం తగ్గించుకోవచ్చు, పనిని కోర్లన్నిటికీ పంచవచ్చు. మంచిదే, కాదనను. కానీ పగ్గాలు పట్టినవాళ్లు బండి సరిగ్గా తోలాలి కదా! ఏ షేడర్లు కావాలో ముందే సిద్ధం చేసుకోకుండా అమ్మకానికి పెట్టేస్తే ఎలా? అప్పుడు ఆట మధ్యలో అప్పటికప్పుడు కంపైల్ చేయాల్సి వచ్చి, బొమ్మ ఆగిపోతుంది. జీతంలో మిగుల్చుకుని కొన్నవాడి మీదా మీ పరీక్షలు?

డ్రైవర్ అప్‌డేట్ చేస్తే మళ్లీ అదే కంపైలింగ్. పోనీ పాత డైరెక్ట్‌ఎక్స్ 11కి మారదామంటే, ఈ గేమ్‌లో ఆ ఆప్షనే లేదు.

గుంటూరు నుంచి తమ్ముడి ఫోన్. "అన్నయ్యా, నాకూ అంతే. కార్డు మార్చాలేమో."

ఎందుకు మార్చాలిరా? కార్డు బాగానే ఉంది!